వద్దన్న నంబరు

పొద్దున్నే పెట్టెలక్కకి పెట్టెలక్క దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది.

అప్పటికామె షెడ్డు తలుపులు తెరిచి, ఏప్రన్ కట్టుకుని, మొదటి కట్ట అట్టలు విప్పుకుని కూర్చుంది. అట్టను మోకాలి కింద అదిమిపట్టి చెక్కపలకతో మడత గీస్తుంటే జేబులో ఫోను గుర్రుమంది. చేతులు తుడుచుకుని తీసి చూసింది.

"అన్నా, అక్కా! నిన్న రాత్రి మన వీధిలో దొంగలు పడ్డారు. మీరింకా నిమ్మళంగా కూర్చున్నారా? ఇవాళే కెమెరాలు పెట్టించుకోండి. కింది నంబరుకి ఒక్క ఫోన్ కొట్టండి చాలు. – మీ పెట్టెలక్క."

రెండోసారి చదివింది. అన్నా, అక్కా అనే పిలుపు తనదే. ఒక్క ఫోన్ కొట్టండి చాలు అనడమూ తనదే. కింద పేరు సంగతి చెప్పక్కర్లేదు. మధ్యలో దొంగలూ కెమెరాలూ ఎక్కడివో మాత్రం అర్థం కాలేదు. ఆమె అమ్మేది అట్టపెట్టెలు. ఆమెకు తెలిసిన దొంగ ఒక్కడే, తూకం తగ్గించి అట్టలు తోలే మిల్లువాడు.

తన నంబరుకి తన మెసేజ్ రావడం ఆమెకు వింత కాదు. కొత్త సరుకు వచ్చిందనో, టేపు ధర తగ్గిందనో షాపులవాళ్ళకి కబురు పెట్టాలంటే షెల్ఫు మీది ఆర్డర్ల ఫోను నుంచి ముందు తనకే పంపుకునేది. ఫోను మోగాక ఎవరో కానివాళ్ళు పంపినట్టు తీసి పైకి చదువుకునేది. చేతినిండా పనున్నప్పుడు చదవబుద్ధి కాకపోతే మాటలు తగ్గించేది. తన చెవికే విసుగనిపిస్తే ఆ కబురు అసలు పంపేదే కాదు. అందుకని ఆ నంబర్లన్నిట్లో మొదటిది ఎప్పుడూ ఆమెదే. చివర్లో ఒక మాట తప్పకుండా ఉండేది. "అక్కర్లేదనుకుంటే 'వద్దు' అని ఒక్క ముక్క పంపండి, మళ్ళీ విసిగించను." ఈ మెసేజ్‌లో ఆ మాట లేదు.

తమ్ముడు ఇంకా రాలేదు. ఆమె ఏప్రన్‌తోనే వీధిలోకి వచ్చి చూసింది. దొంగలు పడిన వీధిలో ఉండాల్సిన గుంపేమీ లేదు. ఎదురుగా తాళాల షాపాయన మాత్రం తన షట్టరుకి రెండో తాళం బిగిస్తున్నాడు. తాళాలమ్మే మనిషి తన షాపుకే రెండో తాళం వేసుకునేంత భయం ఎందుకొచ్చిందో ఆమెకు తెలియలేదు.

"ఏ షాపులో పడ్డారన్నా?" అంది.

ఆయన తాళంచెవి నోట్లోంచి తీసి ఆమెను ఎగాదిగా చూశాడు. "నన్నడుగుతావేంటమ్మా? చెప్పింది నువ్వేగా. మొన్నటికి మొన్న బ్యాంకు వెనక అన్నావు. అంతకుముందు మార్కెట్లో అన్నావు. ఇవాళ మన వీధి దాకా తెచ్చావు. రేపు నా షాపులోకే పంపిస్తావేమోనని ఈ తిప్పలు."

నవ్వుతూనే అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"మొన్న కూడా వచ్చిందా?"

"రోజూ వస్తోంది. మా ఆవిడైతే రాత్రిళ్ళు లేచి కూర్చుంటోంది. పోనీలే, నువ్వు మన మంచికే చెబుతావు కదా అని ఊరుకున్నాం."

ఆమె మళ్ళీ షెడ్డులోకి వచ్చి అట్ట మీద కూర్చుంది. గీసిన మడతనే మళ్ళీ గీసింది. అట్ట చిరిగింది.

*

తమ్ముడు వచ్చేసరికి ఆమె కొత్త కటింగు మిషను పక్కన నిలబడి ఉంది. మిషను వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇంకా సగానికి ప్లాస్టిక్ కవరు తీయలేదు. అది వచ్చిన రోజు ఆమె చంటిపిల్లను నిమిరినట్టు నిమిరింది. నీ భుజం నొప్పి చూడలేకే తెచ్చానక్కా అని తమ్ముడంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే రోజు అతను షెల్ఫు మీద ఉండే ఆర్డర్ల ఫోను కూడా తీసుకున్నాడు. "ఆర్డర్లూ, వద్దులూ అన్నీ ఇకమీదట నేనే చూసుకుంటా. నీకెందుకా తలనొప్పి?" అన్నాడు. తమ్ముడు పెద్దవాడయ్యాడని ఆమె ఆ సాయంత్రమంతా మురిసిపోయింది.

ఇప్పుడు ఫోను అతని ముఖం ముందు పెట్టింది.

అతను చదవనైనా చదవలేదు. "నీ నంబరు తీసెయ్యమని చెప్పానే," అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. కాని ఆ మాట అప్పటికే ఇద్దరి మధ్యా పడింది.

"ఎవరికి చెప్పావు?"

"అక్కా, ముందు కూర్చో."

"ఎవరికి చెప్పావురా?"

కెమెరాల కంపెనీ ఆయనకి. మొదట్లో ఆ మెసేజ్‌లు తమ్ముడే పంపాడు, అక్క నంబరు ఒక్కటి వదిలేసి. కింద అక్క పేరు ఉంటేనే జనం చదువుతున్నారని కంపెనీ ఆయన అన్నాడట. ఆ తరవాత రోజూ పంపడం తన వల్ల కాక, నంబర్లన్నీ వాళ్ళకే ఇచ్చేశాడు. ఈ పనికి కంపెనీ ముందే ఇచ్చిన డబ్బుతోనే మిషను వచ్చింది. ఇదంతా చెప్పేటప్పుడు అతను అక్కవైపు చూడలేదు. మిషను మీది ప్లాస్టిక్ కవరు అంచును గోటితో పీకుతూ నిలబడ్డాడు.

"ఇచ్చేశావా? అన్నీ?"

"ఇస్తే పోయాయా ఏంటి? మన దగ్గరా ఉన్నాయిగా."

"అవి నేను అడిగి తెచ్చుకున్న నంబర్లురా. షాపు షాపుకీ తిరిగి, అన్నా, పెట్టెల గురించి కబురు పెట్టనా అని అడిగి తెచ్చుకున్నా. దొంగల గురించి అడగలేదు."

"నువ్వు అడగకపోయినా అవి బోర్డుల మీద ఉన్నవేనక్కా. ఇంతింత అక్షరాలతో రాసుకున్నవాళ్ళు పిలవమనేగా రాసుకుంది? మనుషుల సొంత నంబర్లయితే చట్టం, గిట్టం అంటారు. ఇవి వ్యాపారాల నంబర్లు. వ్యాపారం నంబరుకి వ్యాపారం మెసేజ్ పంపితే ఎవరేమంటారు? కంపెనీ ఆయన అన్నీ కనుక్కునే దిగాడు."

అతని గొంతులో తడబాటు లేదు. చెబుతూ చెబుతూ తనే నమ్మేసినట్టున్నాడు.

"నా పేరు కూడా బోర్డు మీదే ఉందా?" అంది ఆమె.

అతను దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టొచ్చినప్పుడు కూడా ఇలాగే పట్టుకునేవాడు. "సరే, తప్పే. ఇవాళే ఆపించేస్తా. నీ మీద ఒట్టు."

ఆమె నమ్మింది. తమ్ముడు నీ మీద ఒట్టంటే నమ్మకుండా ఉండటం ఆమెకు అలవాటు లేదు. సాయంత్రం దాకా ఇద్దరూ బేకరీ ఆర్డరు పెట్టెలు మడిచారు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె ఊ కొడుతూనే ఉంది.

*

మర్నాడు లిఫ్టు మెకానిక్కు షాపుకి చిన్నపెట్టెలు ఇవ్వడానికి వెళ్ళింది. కాలిపోయిన లిఫ్టు సర్క్యూట్ బోర్డులను కంపెనీకి పంపడానికి అతను అప్పుడప్పుడూ ఓ పాతిక పెట్టెలు తీసుకుంటాడు. అతను ఆమెను అక్కా అంటాడు, ఆమె అతన్ని అన్నా అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఎప్పుడెళ్ళినా అతను బల్ల మీద నాలుగు స్క్రూలు పరుచుకుని ఐదోదాని కోసం నేల మీద వెతుక్కుంటూ కనిపిస్తాడు. ఆ రోజు ఊరికే కూర్చుని ఉన్నాడు. బల్ల ఖాళీగా ఉంది. గోడకి రెండు ఇనుప పుల్లీలు, ఒక తాడు, ఒక హెల్మెట్టు వేలాడుతున్నాయి.

"ఏంటన్నా, ఖాళీనా?"

"ఖాళీ చేయించేలా ఉన్నారక్కా."

విషయం ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెద్దరోడ్డు మీద అపార్ట్‌మెంట్లకి అతనే లిఫ్టులు చూస్తాడు. లిఫ్టు లోపల గోడకి అతని నంబరు రేకు మీద చెక్కి బిగించి ఉంటుంది. ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఆ నంబరుకి కబురు చెయ్యాలి. లోపల కాల్ కలవదు, మెసేజ్ మాత్రం ఎలాగో బయటపడుతుంది. మొన్న మధ్యాహ్నం ఒక లిఫ్టులో రిటైరైన పంతులమ్మ గారు ఇరుక్కుపోయారు. ఆవిడ మెసేజ్ పెట్టారు. ఒకటి కాదు, వరసగా పెట్టారు. అతను చూసుకోలేదు. సాయంత్రం వాచ్‌మన్ తలుపు మీద చప్పుడు విని తీయించేసరికి ఆవిడ నేల మీద ఉన్నారు. ఉబ్బసం మనిషి. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు.

"బతికారులే. అదే పదివేలు," అన్నాడు.

"నువ్వు చూసుకోకపోవడమేంటన్నా? అన్నం తింటూ కూడా ఫోను చూస్తావు నువ్వు."

అతను చేతివేళ్ళ మధ్య గ్రీజు గోకుతూ కూర్చున్నాడు.

"మెసేజ్ చప్పుడు ఆపేశానక్కా. షాఫ్టులో నిచ్చెన మీదుంటాను. ఫోను మోగిందంటే ఎవరో లోపల ఉన్నారని. ఒక చెయ్యి వదిలి, ఫోను తీసి చూస్తాను. చూస్తే మీ దొంగలు. మళ్ళీ మోగుతుంది. మళ్ళీ మీ దొంగలు. ఓసారి జారి మోకాలు కొట్టుకుంది. ఇక చప్పుడు ఆపేసి, గంటకోసారి చూసుకుందామనుకున్నా. ఆ రోజు మోటారు పనిలో పడి మరిచిపోయా. తప్పు నాదే."

పెట్టెల కట్ట ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. కింద పెట్టాలని కూడా తోచలేదు.

"వద్దని పంపొచ్చుగా అన్నా," అంది. ఆ గొంతు ఆమెకే వినబడలేదు.

"పంపాగా." ఫోను తీసి చూపించాడు. ఆమె పేరున్న మెసేజ్‌ల మధ్య అతని మాట మూడుచోట్ల ఉంది. వద్దు. వద్దక్కా. దయచేసి వద్దు.

"మరి నాకో ఫోన్ చెయ్యొచ్చుగా? తిట్టొచ్చుగా?"

"మీరు ఊరికే పంపే మనిషి కాదు కదా. ఏ అవసరంలో ఉన్నారో, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నా. వేరేవాళ్ళెవరైనా అయితే ఆ రోజే ఫిర్యాదు పెట్టేవాణ్ణి. మా బావమరిది పెట్టమన్నాడు కూడా. కింద మీ పేరు చూసి చెయ్యి రాలేదు."

అంతకన్నా అతను చెంపమీద కొట్టినా బాగుండేది. ఆమె బల్ల మీద పెట్టెలు దించి, ఒక్కొక్కటే సర్ది, సర్దినవాటినే మళ్ళీ సర్దింది. ఆ మెసేజ్‌లు తను పంపలేదని చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే ఎవరు పంపారో కూడా చెప్పాలి. నోరు మూసుకుంది. ఆ క్షణంలో తమ్ముడి మీద ఎంత అసహ్యం వేసిందో, తన మీదా అంతే వేసింది.

"అపార్ట్‌మెంటువాళ్ళు ఏమంటున్నారు?"

"శనివారం మీటింగు పెట్టారు. పని తీసేస్తారు. ఒక్కళ్ళు తీసేస్తే మిగతావాళ్ళూ అదే దారి. రేకు మీద నంబరుండీ పలకని మెకానిక్కు ఎవరికి కావాలక్కా?"

*

లాయరమ్మ ఫైళ్ళు దాచుకోవడానికి పెట్టెలక్క దగ్గరే మూతపెట్టెలు చేయించుకుంటుంది. పాత కేసులు ఎన్నున్నాయో ఆమెకన్నా పెట్టెలక్కకే బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం పెట్టెలక్క ఉత్తచేతులతో వెళ్ళేసరికి లాయరమ్మ కుర్చీ ఎక్కి పైఅరలో దుమ్ము దులుపుతోంది.

"కొలతలేమైనా మారాయా?" అంది పైనుంచే.

"పెట్టెల పని కాదు మేడమ్. ఓ మాట అడగాలి."

లాయరమ్మ దిగింది. పెట్టెలక్క తమ్ముడి పేరెత్తకుండా చెబుదామనుకుంది. మూడో మాటకే తమ్ముడు వచ్చేశాడు. లాయరమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక, "బోర్డు మీద నంబరు రాసుకోవడం ఒప్పుకోవడం కాదమ్మా," అంది. "తలుపు మీద ఇంటి నంబరు రాసుకున్నానని ఎవడైనా లోపలికొచ్చి కూర్చోవచ్చా? పెద్ద కంపెనీ రిసెప్షన్ ఫోను సంగతి వేరే. ఒక్కడే మనిషి, ఒక్కటే ఫోను, దాని మీదే షాపూ, దాని మీదే భార్యాబిడ్డలూ అయితే, చట్టం దాన్ని ఆ మనిషి సొంత ఫోనుగానే చూస్తుంది."

"కొందరు ఒప్పుకునే ఇచ్చారు మేడమ్. అందరూ ఒప్పుకునే ఇచ్చారు."

"ఎవరికి ఇచ్చారు? దేనికి ఇచ్చారు?"

"నాకు. పెట్టెలకి."

"అంతే మరి. ఆ ఒప్పుదల మీది. ఇంకొకరి చేతికివ్వడానికి అది టేపు చుట్ట కాదు. పెట్టెలకి ఒప్పుకున్నవాడు కెమెరాలకి ఒప్పుకున్నట్టు కాదు. పైగా వాళ్ళు మీ పేరు పెట్టుకున్నారు, జరగని దొంగతనం జరిగిందన్నారు, వద్దన్నా ఆపలేదు. ఇందులో ఏ ఒక్కటి చాలు. కాని ఎవరో ఒకరు అడగాలి."

"నేను అడగొచ్చా?"

"మీకూ వచ్చిందిగా మెసేజ్. మీరూ అందుకున్నవాళ్ళే. వద్దని పంపండి. అక్కడితో ఆగిందా, మంచిదే. ఆగలేదా, ఫిర్యాదు చెల్లుతుంది." లాయరమ్మ గొంతు తగ్గించింది. "ఒకటి మాత్రం తెలుసుకుని దిగండి. మెసేజ్ కింద ఉన్నది మీ పేరు. నంబర్లు పోయింది మీ షెడ్డు నుంచి. మొదట పిలిచేది మిమ్మల్నే. మీ తమ్ముడు, మీరు, ఆ మిషను, అన్నీ అందులోకి వస్తాయి."

పెట్టెలక్క మెట్లు దిగి, నీడలో నిలబడి, ఫోను తీసింది. పెట్టెలక్కకి వద్దు అని పంపింది. ఎన్నో ఏళ్ళు ఆ ఒక్క ముక్క కోసం కాచుకుని కూర్చుని, వచ్చిన పూటే ఆ నంబరు తీసేసిన మనిషి ఆమె. ఇన్నాళ్ళకి ఆ ముక్క తనే పంపాల్సి వచ్చింది. ఆగిపోవాలి, ఆగిపోతే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకుంది. ఎంత గట్టిగా అనుకుందంటే, దారిలో ఎదురైన పూలకుండీలమ్మే ఆవిడ పలకరిస్తే కూడా వినబడలేదు.

*

మర్నాడు పొద్దున మెసేజ్ రాలేదు.

ఆమె అట్ట గీస్తూ, గీస్తూ ఆగి జేబు తడుముకుంది. పది దాటింది. రాలేదు. తమ్ముడు చేతిలో రెండు టీ కప్పులతో వచ్చాడు.

"చూశావా? ఆపించేశా. ఆయన గొణిగాడులే, అయినా ఊరుకోలేదు. మా అక్క మాటంటే మాటే అన్నా."

ఆమె గుండెల మీదనుంచి బండ దిగినట్టయింది. టీ తాగింది. లిఫ్టు మెకానిక్కు సంగతంతా అప్పుడే చెప్పేసింది, పంతులమ్మ గారు, ఆసుపత్రి, శనివారం మీటింగు. చెబుతూ ఏడ్చింది కూడా. తమ్ముడు వింటూ కప్పు అంచును వేలితో తిప్పాడు.

"అయ్యో," అన్నాడు. "అక్కా, ఎవరైనా వచ్చి అడిగితే, అతను అన్నిటికీ ఒప్పుకునే నంబరిచ్చాడని చెప్పు. నీ ముందే ఒప్పుకున్నాడని. నువ్వు చెబితే ఎవరూ కాదనరు," అన్నాడు.

"అన్నిటికీ అంటే?"

"పెట్టెలూ, ఇంకేవైనా కబుర్లూ అని. మాటవరసకే. ఎలాగూ ఆపేశాం కదా, పాతవి తవ్వుకోవడం ఎందుకు?"

"చూద్దాం," అంది.

చూద్దాం అన్నందుకు తర్వాత సిగ్గుపడింది. అప్పుడు మాత్రం, ఆపాడు కదా, తప్పు తెలుసుకున్నాడు కదా అని సర్దిచెప్పుకుంది. ఆ పూట కొత్త మిషను మీది ప్లాస్టిక్ కవరు పూర్తిగా తీసి, బ్లేడు పక్కల నూనె రాసింది. తమ్ముడు స్విచ్చి వేశాడు. వంద అట్టలు ఒక్క గీతలా తెగాయి. భుజం నొప్పి పెట్టలేదు.

ఆ తర్వాతి రోజూ మెసేజ్ రాలేదు. శుక్రవారం సాయంత్రం ఆమె లిఫ్టు మెకానిక్కు షాపుకి బయల్దేరింది. మీటింగుకి తనూ వస్తానని, మెసేజ్‌ల వల్లే ఇలా జరిగిందని, ఇప్పుడవి ఆగిపోయాయని చెబుదామని ఆమె ఆలోచన. ఎవరు పంపారనేది అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది. తీసేయాల్సిన మాటలు తీసేసింది.

అతను బల్ల ముందు కూర్చుని, ఒక మోటారు విప్పి ముందేసుకున్నాడు. మణికట్ల దాకా గ్రీజు. ఫోను పక్కనే గుడ్డ మీద పెట్టుకున్నాడు. పంతులమ్మ గారిని ఇంటికి పంపించారని ఆమెను చూస్తూనే చెప్పాడు. ఆవిడ అతన్ని పిలిపించుకుని, భయపడ్డావా బాబూ అని అడిగారట.

"ఇరుక్కుంది ఆవిడ. భయపడ్డావా అని నన్నడుగుతారు!" అని నవ్వాడు. "అప్పట్నుంచి చప్పుడు మళ్ళీ పెట్టేశానక్కా. ఏదైతే అదయింది, మోగనీ."

"ఇంక మోగదులే అన్నా. నేను ఆ సంగతి చెబుదామనే వచ్చా—"

ఫోను మోగింది.

అతను మామూలుగా మెడ సాచి చూశాడు. చూసి, మళ్ళీ మోటారు వైపు తిరిగాడు. మొహమాటపడ్డాడు. ఆ ఫోను ఆమె కంటబడకుండా గుడ్డ అంచు దాని మీదకి లాగబోయాడు. గ్రీజు చేత్తో లాగేసరికి గుడ్డ జారింది.

"అన్నా, అక్కా! రేపు సెలవు, షాపు మూసి వెళ్తున్నారా? దొంగలకి సెలవుల్లేవు..." ఆమె అక్కడ దాకానే చదివింది. కింద ఎవరి పేరుందో తెలుసు.

"ఇది ఇవాళే వచ్చిందా అన్నా?"

"ఇప్పుడేగా, మీ ముందే."

"నిన్న?"

"నిన్న రెండు. మొన్న కూడా వచ్చాయి." అని, ఆమె ముఖం చూసి, "ఏంటక్కా? మీరు కూర్చోండి ముందు," అన్నాడు.

ఆమె ఏప్రన్ జేబులోంచి తన ఫోను తీసి చూసింది. ఏమీ లేదు. నిన్న లేదు, మొన్న లేదు. తమ్ముడు ఆపింది నిజమే. ఒక్క నంబరుకి ఆపాడు. మిగతా ఊరంతటికీ ఆమె గొంతుతో మాట్లాడుతూనే, ఆ గొంతు ఆమెకు వినపడకుండా చేశాడు. ఆ టీ కప్పులు, మా అక్క మాటంటే మాటే అనడం, ఆయన గొణిగాడులే అనడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. మొదటి మోసం తెలిసినప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కూడా రాలేదు. తను ఆ మిషనుకి నూనె రాసిన చేతుల వైపు చూసుకుంది.

స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నా, ఇవి నేను పంపినవి కావు. మా తమ్ముడు నంబర్లిచ్చాడు, కెమెరాలవాళ్ళు పంపుతున్నారు. నువ్వు పెట్టిన వద్దులు నేను చూడలేదు. చూసుంటే మొదటిదానికే తీసేసేదాన్ని."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మీరు కాదనిపించిందక్కా ఒకసారి," అన్నాడు చివరికి. "మీరైతే చివర్లో ఆ ఒక్క ముక్క మాట పెట్టేవారు. కాని పేరు మీదే ఉంటే ఏమనుకోను?"

"ఫిర్యాదు పెట్టు."

"ఎవరి మీద?"

"కింద ఎవరి పేరుంది?"

"మీ మీదా?" అతను సగం లేచాడు. "వద్దక్కా. శనివారం పోతే ఒక అపార్ట్‌మెంటు పోతుంది. మీ మీద నేను పెట్టనా?"

"నేను పెడదామనుకున్నా. నాకు చెల్లదిప్పుడు. నేను వద్దన్నాను, నాకు ఆపేశారు. మూడుసార్లు వద్దన్నా ఆగనిది నీకు. నువ్వు పెట్టాలి. నువ్వు ఒప్పుకుంది పెట్టెలకే, ఇంక దేనికీ కాదని నేను వచ్చి చెబుతా. రేపు మీటింగులో అదే చెబుతా, ఫిర్యాదు చూసే ఆఫీసువాళ్ళు పిలిస్తే అక్కడా అదే."

"మీ తమ్ముడు?"

"వాడూ వస్తాడు. రాక చస్తాడా?" అంది. చిన్నప్పుడు పలక పగలగొట్టొచ్చినప్పుడూ అదే మాట అనేది.

అతని చేతులనిండా గ్రీజు. ఫోను ఆమే తీసుకుంది. ఫిర్యాదు చేసేచోటు లాయరమ్మ చూపించి ఉంది. ఏ నంబరుకి వచ్చింది, ఎప్పట్నుంచి వస్తోంది, వద్దని ఎప్పుడెప్పుడు పంపారు అని అడుగుతుంటే ఒక్కొక్కటే కొట్టింది. ఎవరి పేరుతో వచ్చింది అన్నచోట పెట్టెలక్క అని కొట్టింది. జరిగింది మీ మాటల్లో చెప్పండి అన్నచోట అతన్ని అడిగి, అతని మాటల్లోనే రాసింది.

అలవాటు చొప్పున పైకి చదివింది. ఎవరో కానివాళ్ళు రాసినట్టు, చేతినిండా పనున్న మనిషి విన్నట్టు చదివింది.

"నేను లిఫ్టులు బాగుచేస్తాను. నాకున్నది ఈ ఒక్క ఫోనే. పెట్టెలక్కకి పెట్టెల కోసం నా నంబరు ఇచ్చాను. ఆమె పేరుతో దొంగల గురించి రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. మూడుసార్లు వద్దన్నాను. వాటివల్ల చప్పుడు ఆపేశాను, లిఫ్టులో ఇరుక్కున్న ఒక పెద్దావిడ మెసేజ్ నాకు కనబడలేదు. ఏ వీధిలోనూ దొంగలు పడలేదు."

తీసేయాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు. ఫోను అతనివైపు చాపి పట్టుకుంది.

"మీరే నొక్కండక్కా."

"నేను నొక్కకూడదన్నా. నంబరు నీది. నువ్వు ఒప్పుకుంటేనే."

అతను గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. చూపుడువేలు మళ్ళీ తుడుచుకున్నాడు. ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, నొక్కాడు. ఫిర్యాదు అందిందని అతని ఫోను చిన్నగా మోగింది. వెనువెంటనే మళ్ళీ మోగింది, ఈసారి ఇందాకటి మెసేజే, ఇంకోసారి.

ఆమె చేతిలో ఉన్న తన ఫోను మాత్రం మోగలేదు. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చుని, తర్వాత ఏప్రన్ విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.